బొంత కప్పిన ఇనుము

తెల్లపొడి మీద ఎర్రగీత కనిపించినా డాక్టర్ ఉమేరా వెంటనే నమ్మలేదు. వెల్డింగ్ చేసిన అతుకు మీద ముందు ఎర్రరంగు పూస్తారు, గుడ్డతో తుడుస్తారు, పైన తెల్లపొడి చల్లుతారు. ఇనుములో పగులుంటే అందులో దాక్కున్న ఎరుపు పొడిలోకి ఊరి గీతగా బయటపడుతుంది. లేకపోతే తెలుపు తెలుపుగానే ఉంటుంది. జెద్దాలోని ఈ యూనివర్సిటీ ల్యాబులో పదకొండేళ్లలో అరవై నాలుగు అతుకుల మీద ఆమె ఈ పొడి చల్లించింది. అన్నీ తెల్లగానే ఉన్నాయి. ఇది అరవై ఐదోది.

గీత వెంట్రుకంత సన్నగా మొదలై ఆమె చూస్తుండగానే అతుకు పొడవునా పాకింది. ఆ అతుకు వేసిన షరీఫ్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అతను కొత్తగా చేరిన హైదరాబాదు వెల్డరు. మేడం కాగితంలో రాసిచ్చినట్టే చేశాననీ, ఒక్క మెట్టు కూడా తప్పలేదనీ ఉర్దూలో రెండుసార్లు చెప్పాడు. ఉమేరాకు ఆ సంగతి తెలుసు. పోయిన గురువారం అతను వెల్డింగ్ చేస్తున్నంతసేపూ ఆమె పక్కనే ఉంది.

పక్క బల్ల మీద అరవై ఆరోది ఉంది. అదే పలకలో రెండో ముక్క, అదే రాడ్డు, అదే రోజు వేసిన అతుకు. వేసినవాడు యాదగిరి, ఆ అరవై నాలుగూ వేసిన పాత వెల్డరు. దాని మీద పొడి తెల్లగా, ఉతికి ఆరేసిన ధోవతిలా ఉంది. ఆమె వంగి చూసి, టార్చి వేసి చూసి, అద్దం పెట్టి చూసింది. గీత లేదు.

ఉమేరాది కర్నూలు. చదువంతా గట్టి ఉక్కు మీద చదివింది, ఉద్యోగమంతా దాని మీదే చేసింది. మామూలు ఉక్కుకు రెండు రెట్లు బలమున్న ఉక్కు అది. బలమెంతో కోపమూ అంతే. వెల్డింగ్‌కు ముందు దాన్ని గ్యాసు మంటతో వేడి చేసి మచ్చిక చేసుకోవాలి, లేకపోతే రెండు రోజుల తర్వాత అతుకు పక్కన చీలుతుంది. ఇంత మందం లోపు, ఫలానా రాడ్డుతో అయితే ఆ ముందువేడి అక్కర్లేదని ఉమేరా తేల్చింది. తొమ్మిది పేపర్లు రాసింది. దేశాలు తిరిగి చెప్పింది. వెల్డింగ్ నియమావళి రాసే కమిటీవాళ్లు ఆమె గీసిన పట్టికను చిత్తుప్రతిలో చేర్చారు కూడా.

పోయిన నెల జుబైల్‌లోని ఒక ఫ్యాబ్రికేషన్ యార్డు నుంచి ఉత్తరం వచ్చింది. ఆమె పట్టికను నమ్మి వేడి చెయ్యకుండా వెల్డింగ్ చేస్తే పద్నాలుగు బ్రాకెట్లు మూడోనాటికి చీలాయట. బరువు ఎక్కించకముందే తనిఖీలో దొరికాయి కాబట్టి సరిపోయింది, వాటి కింద మనుషులు పనిచేయాల్సి ఉంది. మీ అరవై నాలుగు అతుకులు ఎలా నిలిచాయో పదిరోజుల్లో వివరించండి అని అడిగారు. గడువు ఈ గురువారం. యాదగిరి దేశం విడిచి వెళ్లే ఎగ్జిట్ కూడా ఈ గురువారమే. యాభై ఎనిమిదేళ్లు వచ్చాయని అతని కంపెనీ ఇక్కడుండే అనుమతి కార్డు ఇఖామాను పొడిగించలేదు.

ఆమె యాదగిరిని గ్యాసు సిలిండర్ల దగ్గరికి పిలిచింది.

“షరీఫ్ చెయ్యనిది మీరేం చేస్తాండారు, యాదగిరన్నా?”

“ఏం లేదు మేడం. అదే రాడ్డు, అదే కరెంటు.” కొంచెం ఆలోచించి, అదీ ఒక పనేనా అన్నట్టు నవ్వాడు. “అయినంక జర కప్పుత. గంతే.”

సిలిండర్ల వెనక చెయ్యి పెట్టి ఒక బూడిదరంగు చుట్ట లాగాడు. పొగగొట్టాలకు చుట్టే గాజుగుడ్డ రెండు పొరలు, మధ్యలో తెల్లటి పీచు, చుట్టూ సన్నటి ఇనుపతీగతో కుట్టు. జుబైల్‌లో షట్‌డౌన్ పనులకు, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతులకు, వెళ్లినప్పుడు మిగిలిన ముక్కలు ఏరి తనే కుట్టుకున్నాడట. అంచులు నల్లబడ్డాయి. కుట్టు మాత్రం అతని ఊరు జగిత్యాలలో అవ్వలు బొంతకు వేసేంత దగ్గరగా ఉంది.

“పైన ఏసీ గొట్టం సక్కగ దీని మీదికే కొడ్తది మేడం. కాలిన ఇనుముకు సల్లగాలి తగల్తె మంచిది గాదు. బాలింతను గాలికి కూసోవెడ్తమా? కింద సిన్న మంట వెట్టి, మీదికెల్లి ఇది కప్పుత. పొద్దుగాల మీరొచ్చెటాళ్లకు తీస్త.”

ఉమేరా ఆ చుట్టను చేతిలోకి తీసుకుంది. స్టూలు లాక్కుని కూర్చుంది. వెల్డింగ్‌లో ఉక్కులోకి దూరిన హైడ్రోజన్ బయటికి పోవాలంటే వేడి కావాలి, వ్యవధి కావాలి. అతుకు తొందరగా చల్లారితే అది లోపలే చిక్కుకుని తర్వాత ఇనుమును చీలుస్తుంది. ఏ పుస్తకం తెరిచినా మొదటి అధ్యాయంలో ఉండే విషయం. అంటే ఆ అతుకులు నిలిచింది ముందువేడి అక్కర్లేక కాదు. యాదగిరి తర్వాతవేడి ఇచ్చాడు, రాత్రంతా ఇచ్చాడు. పదకొండేళ్లు ఆమె కొలిచింది ఉక్కు గుణాన్ని కాదు, ఈ బొంత గుణాన్ని.

“ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదు?”

యాదగిరి ఒకసారి ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత ఎదురుగోడ వైపు చూశాడు. అక్కడ పాత ఇంటర్‌కమ్ పెట్టె ఉంది, దాని పైన కెమెరా. పై అంతస్తులో అద్దాల గది. మగవాళ్లు పనిచేసే వేళ ఆడవాళ్లు కిందికి దిగకూడదనే నియమం యూనివర్సిటీలో ఉన్న రోజుల్లో ఉమేరా ఆ గదిలో కూర్చుని, టీవీ తెరలో యంత్రాన్ని చూస్తూ, ఇంటర్‌కమ్‌లో పని చెప్పేది. నియమం పోయి ఆరేళ్లయినా ఆ పెట్టెను ఎవరూ పీకలేదు.

యాదగిరి తలొంచాడు. “తప్పైంది మేడం,” అన్నాడు.

ఆమెకు ఆ క్షణంలో కోపమే వచ్చింది, ఇంకేం రాలేదు.

డిపార్ట్‌మెంట్ హెడ్ షాబాజ్ లాహోరు మనిషి. అరవైకి దగ్గర పడ్డవాడు, మర్యాదస్తుడు. ఉమేరా చెప్పిందంతా ఓపికగా విని, టీ తెప్పించి, రెండు దారులున్నాయన్నాడు. పరిశోధకురాలు తన పని పద్ధతిని సరిగా గమనించలేదని రాస్తే తొమ్మిది పేపర్లూ వెనక్కి తీసుకోవాలి, కమిటీ ఆమె పట్టికను కొట్టేస్తుంది, వచ్చే సంవత్సరం ఆమె కాంట్రాక్టు సంగతి తను మాటివ్వలేడు. టెక్నీషియన్ లిఖిత పద్ధతిని తప్పి, ఎవరికీ చెప్పకుండా సొంతంగా ఒక పని చేశాడని రాస్తే తప్పు చేతిది అవుతుంది, పరిశోధనది కాదు. ఒక సవరణతో పోతుంది. పాము చావాలి, కర్ర విరగకూడదు అని ఉర్దూ సామెత ఒకటి చెప్పాడు. పైగా అతను ఎలాగూ గురువారం వెళ్లిపోతున్నాడు, మళ్లీ ఈ దేశం రాడు, అతనికి పోయేదేముందని అడిగాడు.

అది అబద్ధం కూడా కాదు కదా అని ఉమేరా తనకు తాను చెప్పుకుంది. చెప్పలేదన్నది నిజం. తప్పైందని అతనే అన్నాడు. సోమవారం, మంగళవారం ఆమె ఆ ఒక్క పేజీ వివరణ మీదే కూర్చుంది. ‘ఉల్లంఘించి’ అని రాసి తీసేసి ‘పాటించక’ అని పెట్టింది. ‘పరిశోధకులకు తెలియకుండా’ అన్న మాటను ముందు చివర పెట్టింది, తర్వాత మొదటికి తెచ్చింది. ఇంట్లో భర్త ఫారూఖ్ రెండుసార్లు అన్నానికి పిలిచాడు. ఏం రాస్తున్నావని అడిగితే చిన్న ఉత్తరమంది.

ఆ రెండు రోజులూ యాదగిరి షరీఫ్‌కు పని అప్పజెబుతూనే ఉన్నాడు. రాడ్లను పొయ్యిలో ఎంతసేపు ఉంచాలి, ఏ వైరు వదులైంది, ఏ సిలిండరు మీటరు రెండు గీతలు ఎక్కువ చూపిస్తుంది. ప్రతి అతుకు పూర్తయ్యాక చిన్న సుత్తితో పైన పేరుకున్న చిట్టెం రాల్చి, ముక్కను తట్టి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. పగులున్న ఇనుము మోగదట, ముక్కుతో మాట్లాడుతుందట. ఉమేరా అద్దాల గదిలోంచి చూసింది. ఆ వారం ఆమె కిందికి దిగడం తగ్గించింది.

బుధవారం మధ్యాహ్నం సంతకానికి పిలిపించింది. యాదగిరి సబ్బుపొడితో మోచేతుల దాకా కడుక్కుని, తలకు కట్టిన రుమాలు విప్పి తుడుచుకుని వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. కాగితం ముందు పెట్టాక పెన్ను పట్టుకోకుండా అక్షరాల మీద వేలు తిప్పాడు.

“ఇండ్ల నా పేరున్నదా మేడం?”

ఆమె పెన్ను కొసతో చూపించింది. తన పేరు ఇఖామా మీద ఎలా ఉంటుందో అతనికి తెలుసు. వై, ఏ, డీ అంటూ ఒక్కో అక్షరమే పైకి చదివాడు. చివరికొచ్చాక ఆగి, మళ్లీ మొదటి నుంచి చూశాడు.

“గిన్నేండ్లల్ల గిదే మొదలు,” అన్నాడు.

ఆరో ఏడో పేపరు అచ్చయినప్పుడు అతను ఒకసారి అడిగాడు, పనిచేసినోళ్ల పేర్లు ఇందులో వెయ్యరా అని. వేస్తామంది. అతుకులు యాదగిరివి, పేపర్లు ఉమేరావి. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, చివరిపేజీలో కృతజ్ఞతల దగ్గర ‘ల్యాబు సిబ్బంది’ అని పెట్టి ఊరుకుంది. తొమ్మిది పేపర్లలోనూ అదే మాట.

ఇందులో ఏం రాశారని అతను అడిగాడు. జుబైల్ వాళ్లకు జవాబనీ, ఆయన బొంత కప్పిన సంగతి రాశామనీ ఆమె చెప్పింది. చెబుతూ బల్ల మీది కాగితాలు సర్దింది.

“బొంత సంగతి గూడ రాసిన్రా?” యాదగిరి ముఖమంతా విప్పారింది. పెన్ను గట్టిగా పట్టి, తెలుగులో, కాగితం అవతలికి దిగేలా సంతకం పెట్టాడు. తర్వాత, అడగాలా వద్దా అని కాసేపు నిలబడి, దీనిది జిరాక్సు ఒకటి ఇస్తారా అన్నాడు. “మా శ్రీలత పాలిటెక్నిక్‌ల సివిల్ సదువుతున్నది. అది సదివి చెప్తది.”

ఆఫీసు కాగితం బయటికివ్వకూడదని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఇవ్వనంటే ఎందుకని అడుగుతాడేమోనని ఆమె భయపడింది. అదీ అసలు కారణం. లేచి, తన చేత్తోనే జిరాక్సు తీసి ఇచ్చింది. యాదగిరి దాన్ని మడవకుండా ప్లాస్టిక్ కవరులో, పాస్‌పోర్టు పక్కన పెట్టుకున్నాడు.

మరునాడు పొద్దున అందరికీ ఖర్జూరాలు పంచాడు. బొంతను నాలుగు మడతలు పెట్టి షరీఫ్ చేతికిచ్చి, కుట్టు ఊడితే తీగ ఎక్కడుందో చూపించాడు. మేడం ఉన్నప్పుడు కూడా కప్పొచ్చు, ఇప్పుడు కాగితంలో రాసిన్రు అని చెప్పాడట. షరీఫ్ ఆ మాటను నవ్వుతూ ఉమేరాకు చేరవేశాడు. ఆమె నవ్వలేదు. సాయంత్రం విమానం. అంతకు రెండు గంటల ముందే షాబాజ్ ఉత్తరాన్ని జుబైల్‌కు, కమిటీకి పంపించి, ఇక నిశ్చింతగా ఉండమని ఆమెకు మెసేజ్ పెట్టాడు. శుక్రవారం ఆమె నిజంగానే నిద్రపోయింది.

శనివారం మధ్యాహ్నం ఇండియా నంబరు నుంచి ఫోనొచ్చింది. ఆడపిల్ల గొంతు.

“నమస్తే మేడం. నేను శ్రీలతను, యాదగిరి బిడ్డను. బాపుకు తెల్వకుండ చేస్తున్న. ఒక్కటే అడుగుత.” ఊపిరి తీసుకుంది. “ఎవ్వల్కి చెప్పకుండ, రూల్ తప్పి చేసిండని ఇండ్ల రాసిన్రు. రాత్రి మా అమ్మతోని బాపు అంటుంటె విన్న. మొదట్ల మీ ముంగటనే కప్పిండట. కెమెరల కనవడొద్దు, తియ్యమని మీరే అన్నరంట. గందుకే మీరు వొయినంక కప్పుకుంటొచ్చిండట. ఏది నిజం మేడం?”

నేను అలా అనలేదమ్మా అని ఉమేరా నోటిదాకా వచ్చింది. గోడ మీది పెట్టె వైపు యాదగిరి చూసిన చూపు గుర్తొచ్చింది. పాత రికార్డింగులు చూసి చెబుతానంది. శ్రీలత సరే మేడం అని పెట్టేసింది. కోపంగా పెట్టినా బాగుండేది.

సెలవు రోజు ల్యాబులో ఎవరూ లేరు. పై గది బీరువాలో పాత హార్డ్ డిస్కులు సంవత్సరాల వారీగా ఉన్నాయి, ఉమేరా పద్ధతిగల మనిషి. మొదటి అతుకు రికార్డింగు తెరిచింది. బూడిదరంగు బొమ్మ. మధ్యలో యంత్రం, ఎడమవైపు వెల్డింగ్ బల్ల అంచు. బల్ల మీద ఏదో కప్పి ఉంది. యాదగిరి వెంట్రుకలు ఇంకా నల్లగా ఉన్నాయి. ఇంటర్‌కమ్ గరగరమంది.

“యాదగిరీ, ఆ మురికిగుడ్డ ఏందది?”

ఆ గొంతు తనదేనని పోల్చుకోవడానికి ఆమెకు ఒక క్షణం పట్టింది. వయసులో ఉన్న గొంతు, కరుకుగా ఉంది.

“మేడం, ఇది ఇనుముకు గాలి...”

“చెప్పింది విను. విదేశాల నుంచి ఈ రికార్డింగు చూస్తారు. చండాలంగా ఉంది, తీసెయ్యి. ఇంకోసారి కెమెరాలో కనపడకూడదు.”

యాదగిరి కెమెరా వైపు తలెత్తి చూశాడు. ఆ కెమెరా అద్దం వెనక మనిషి ముఖం అతనికి కనపడదు. బొంతను రెండు చేతులతో తీసి, దులిపి, తెరలోంచి బయటికి వెళ్లాడు. చాలాసేపటికి ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. ఉమేరా మిగతావి కూడా తెరిచింది. రెండోది, పదోది, నలభయ్యోది. అన్నింట్లో బల్ల శుభ్రంగా ఉంది. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా అతను ఆమె మాట జవదాటలేదు.

ఆ మొదటి రికార్డింగు నాటి తన రోజులు ఆమెకు బాగా గుర్తు. కెమెరాకు యంత్రం కనిపిస్తుంది, మగవాళ్లు కనిపిస్తారు, పై గదిలో కూర్చుని అంతా నడిపిస్తున్న నేను మాత్రం ఎవరికీ కనిపించనని ఫారూఖ్ దగ్గర ఏడ్చిన రోజులవి. తనను తెర బయట కూర్చోబెట్టినందుకు అంత ఏడ్చిన మనిషి, అదే గదిలోంచి ఇంకొకరిని తెర బయటికి పంపింది. ఉమేరా అక్కడే, కీబోర్డు మీద తల పెట్టి ఏడ్చింది.

తర్వాత ముఖం కడుక్కుని రాయడం మొదలుపెట్టింది. ఈసారి మాటల కోసం వెతుక్కోలేదు. గురువారం పంపిన వివరణ తప్పు. అతుకు కప్పడం మొదటిరోజే నా కళ్ల ముందు జరిగింది. నేనే తియ్యమన్నాను, ఎందుకు కప్పాడని అడగలేదు. రికార్డింగు జతచేస్తున్నాను. తొమ్మిది పేపర్లూ, కమిటీకిచ్చిన పట్టికా వెనక్కి తీసుకుంటున్నాను. ఈ అతుకులను నిలబెట్టిన పద్ధతి వెల్డర్ యాదగిరిది. అంతా కలిపి ఒక పేజీ. షాబాజ్‌కు ఏం చెప్పాలో ఆమె ఆలోచించలేదు. ముందు యాదగిరికి చెప్పాలనిపించి ఫోను చేసింది.

రికార్డింగు విన్నానంది. తప్పు తనదేనంది. అన్నా, క్షమించండి అంది. మొత్తం మార్చి రాశాననీ, ఈసారి ఆ పని ఆయనదని ఆయన పేరుతోనే స్పష్టంగా రాశాననీ, శ్రీలతకు కూడా పంపుతాననీ గబగబా చెప్పింది. అవతల ఎక్కడో కుక్కరు ఈల వేసింది.

“నా పేరు తీసేయుండ్రి మేడం,” అన్నాడు యాదగిరి.

“మంచిగా రాసినానన్నా. మీ మంచికే...”

“మీరు మంచిగనే రాస్తరు.” గొంతులో కోపం లేదు, మర్యాద తగ్గలేదు. “దిగిన్నాడే ఇంటిముంగట కుర్చీలేపిచ్చిన మేడం. మా ఇంటామె ఊర్మిల తమ్ముడొచ్చిండు, వాడకట్టోళ్లొచ్చిన్రు. ఇంగ్లీషు కాయిదంల నా పేరొచ్చిందని నేనే అందర్ని పిలిచిన. బిడ్డను నిలవడి సదువుమన్న. సదివింది. సగం సదివి ఆపింది. నేనేమో ఎందుకాపినవ్, సదువు సదువన్న. ఇంకోపారి సదివిచ్చుకునే ఆశ లేదు. కాయిదాలల్ల నా పేరద్దు. మీరు మంచిగుండుండ్రి మేడం.”

ఫోను పెట్టేశాడు. ఉమేరా తెర ముందు కూర్చుంది. ఆ పేరు తీసేస్తే వాక్యం నిలవడం లేదు. ‘ఈ పద్ధతి’ అని ఉంది, ఎవరిదో లేదు. తనదని రాయడానికి లేదు, ఎవరిదీ కాదని రాయడానికీ లేదు. సాయంత్రపు అస్ర్ నమాజు వేళ అయింది, పోయింది. చివరికి ఆమె ‘ల్యాబు సిబ్బంది’ అని రాసింది. తొమ్మిదిసార్లు ఎక్కడా చెయ్యి ఆగకుండా కొట్టిన ఆ రెండు మాటలు, పదోసారి పూర్తిచేసేసరికి బయట పొద్దు గూకి మగ్రిబ్ అజాన్ వినిపించింది.